ఇంటి ఇంజనీరు జవాబులు: గునపం వేసేముందు పైపులోకి చూడండి

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాయంటే చెన్నైలో నాకొచ్చే ఉత్తరాల్లో గోడల చెమ్మ, డాబా లీకు వెనక్కి పోయి డ్రైనేజీ ముందుకొస్తుంది. ఈసారి చాలామంది అడిగింది ఒకటే: "కెమెరా పెట్టి చూస్తామంటున్నారు, నిజంగా పనికొస్తుందా, డబ్బు గుంజే ఎత్తా?" పనికొస్తుంది. నేలకింద పైపు పాడైందని ఎవరైనా చెబితే, లోపల చూడకుండా ఒక్క టైలు కూడా పగలగొట్టనివ్వకండి. అయితే కెమెరా ఏం చూపిస్తుందో, ఏం చూపించలేదో తెలిసి పెట్టించుకోవాలి. అందుకే ఈ సంచికలో వేరే ప్రశ్నలు తీసుకోలేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పెరంబూర్‌లో మా మామగారి తాతలనాటి ఇల్లు. రెండు నెలలకోసారి బాత్‌రూమ్ నీళ్ళు ఎదురు తంతున్నాయి. ప్లంబర్ వచ్చి వెదురు బద్దతో పొడిచి వెళ్తాడు, కొన్నాళ్ళు బాగుంటుంది. ఇప్పుడేమో హాలు నుంచి వీధి దాకా తవ్వి కొత్త లైన్ వేయాలంటున్నాడు. ఆ హాల్లో పాత ఆత్తంగుడి టైల్స్ (చెట్టినాడులో చేత్తో చేసేవి) ఉన్నాయి. మా అత్తగారు ససేమిరా ఒప్పుకోవడం లేదు. వేరే దారి ఉందా? (ఒక పాఠకురాలు, పెరంబూర్)

జవాబు: మీ అత్తగారి మాట వినండి. ఆ టైల్స్ ఒకసారి పగిలితే మళ్ళీ ఆ రంగు, ఆ నునుపు రావు. లైన్ మొత్తం మార్చాలో వద్దో మీ ప్లంబర్‌కి కూడా ఇంకా తెలీదు. ఆయన లోపల ఏముందో చూడలేదు కదా.

ఎప్పుడో ఒకసారి అడ్డుపడితే అది జుట్టో, నూనె జిడ్డో, పిల్లలు పడేసిన బొమ్మో అయ్యుంటుంది. తీసేస్తే పోతుంది. మీకు వాయిదా వేసుకున్నట్టు రెండు నెలలకోసారి వస్తోందంటే పైపులో కదలని లోపం ఏదో ఉంది. వెదురు బద్ద దాంట్లో ఓ చిల్లు పొడిచి దారి చేస్తుంది, అంతే. ఆ చిల్లు పూడుకోవడానికి రెండు నెలలు పడుతోంది.

ఆ కాలపు ఇల్లంటే కింద ఉన్నది చాలావరకు స్టోన్‌వేర్ పైపే అయ్యుంటుంది. కాల్చిన మట్టికి ఉప్పు మెరుగు పెట్టిన గోధుమరంగు గొట్టం. దానికి తుప్పు పట్టదు, యాసిడ్ అంటదు. బలహీనత అంతా అతుకుల్లోనే. ఒక్కో ముక్క పొడవు సాధారణంగా 60 సెంటీమీటర్లు. మీ హాలు నుంచి వీధి దాకా 12 మీటర్లు అనుకుంటే దాదాపు 20 అతుకులు. అప్పట్లో అతుకులో నారతాడు కుక్కి, పైన సిమెంటు మెత్తేవాళ్ళు. నేల ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బుతుంటే ఆ సిమెంటు వంగలేక చిట్లుతుంది. వెంట్రుకవాసి సందు దొరికితే చాలు, తడిని వెతుక్కుంటూ చెట్టు వేరు లోపలికి దూరుతుంది.

మాంబలంలో ఇలాంటి పాత ఇల్లే ఒకటి చూశాను. పెరటి ఛాంబర్ (మురుగు పైపులు కలిసే, మూత ఉన్న గుంత) మూత తీసి, నిలిచిన నీళ్ళు తోడించి, కెమెరా దింపాం. కెమెరా అంటే బొటనవేలి కంటే కాస్త లావుగా ఉండే స్టీలు తల. చుట్టూ ఎల్ఈడీ దీపాలు, వెనక బిరుసైన ఫైబర్ రాడ్. తోస్తుంటే రాడ్ రీల్ మీద నుంచి విప్పుకుంటూ వెళ్తుంది, స్క్రీన్ మీద ఒక మూల ఎన్ని మీటర్లు వెళ్ళిందో అంకె నడుస్తుంటుంది. అతుకులు ఒకటొకటే దాటుతున్నాయి. 7.4 మీటర్ల దగ్గర పైనుంచి సన్నటి పీచు వేలాడుతూ కనపడింది. ఇంకాస్త తోస్తే పైపు నిండా వేళ్ళు, పొడుగాటి గడ్డంలా కిందికి దిగి, వాటికి జుట్టూ సబ్బు జిడ్డూ పట్టుకుని ఉన్నాయి. అది దాటాక వీధి వరకు పైపులో ఒక్క పగులు లేదు.

ఇక అది నేలమీద ఎక్కడికి వస్తుందో తేల్చాలి. కెమెరా తలలో సోండ్ అనే చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. అది 512 హెర్ట్జ్ సిగ్నల్ పంపుతుంది. అంత తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టే పోత ఇనుము పైపులోంచి కూడా బయటికి వస్తుంది. పైన లొకేటర్ పట్టుకుని నడిస్తే, సిగ్నల్ ఎక్కడ బలంగా ఉంటే దాని కిందే కెమెరా. లోతు కూడా తెలుస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీశాం. వంటింటి మెట్టు పక్కకి వచ్చింది. రెండడుగుల చదరం తవ్వి, పాడైన ముక్కలు తీసి, పీవీసీ ముక్క పెట్టి రెండువైపులా రబ్బరు కప్లింగ్ బిగించాం. ఆ వేరు కాంపౌండ్ గోడ పగులులో మొలిచిన రావి మొక్కది. దాన్ని మొదలంటా తీయిస్తేనే పని అయినట్టు.

మీ ఇంట్లో కూడా ముందు ఛాంబర్లో నిలిచిన నీళ్ళు తీయించండి. మురికి నీళ్ళలో మునిగిన కెమెరాకు ఏమీ కనపడదు. జెట్ (గట్టి ఒత్తిడితో నీళ్ళు) కొట్టకముందు ఒకసారి, కొట్టాక ఇంకోసారి చూడమనండి. మొదటిసారి అడ్డు ఏమిటో తెలుస్తుంది, రెండోసారి దాని వెనక పైపు ఎలా ఉందో తెలుస్తుంది. రికార్డింగ్ మీ చేతికి ఇవ్వాలి. అందులో మీటర్ల అంకె కనపడాలి, ఆ అంకె ఏ ఛాంబర్ నుంచి సున్నాగా మొదలైందో చెప్పి ఉండాలి. దోషం ఉన్నచోట నేలమీద గుర్తు పెట్టించి, లోతు రాయించుకోండి. తర్వాత మీ ప్లంబర్‌ని కూర్చోబెట్టి వీడియో చూపించండి. మంచి పనివాడైతే చూడగానే తన మాట మార్చుకుంటాడు. హాలంతా తవ్వడం ఆయనకు మాత్రం సరదానా?

ప్రశ్న: కెమెరా పెట్టాలంటే కమోడ్ విప్పాలా? లోపల్నుంచే దింపకూడదా? (ఒక పాఠకుడు, అశోక్ నగర్)

జవాబు: కమోడ్ లోపలి వంపు ఇరుకుగా ఉంటుంది. చిన్న తల ఉన్న కెమెరా దూరినా వెనక్కి లాగేటప్పుడు ఇరుక్కోవచ్చు, పింగాణీ గీరుకుపోవచ్చు. ఛాంబర్ నుంచి గానీ, నిలువు పైపుకు కింద ఉండే డోర్ బెండ్ (మూత విప్పగలిగే వంపు) నుంచి గానీ పెట్టించండి. ఈ రెండూ లేకపోతేనే కమోడ్ విప్పాలి. మా ఇంట్లో ఛాంబరే లేదని చాలామంది అంటారు. ఉంటుంది, వాకిట్లో టైల్స్ వేసినప్పుడు కప్పేసి ఉంటారు. కెమెరాను ఇంకోవైపు నుంచి పంపి, సోండ్‌తో ఆ ఛాంబర్ ఎక్కడుందో కనిపెట్టవచ్చు. దొరికాక దాని మీద తీసి పెట్టుకునే మూత వేయించండి. మళ్ళీ కప్పేయకండి.

ప్రశ్న: మాది తిరువాన్మియూర్‌లో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కెమెరా పెట్టినవాళ్ళు ఒక వీడియో చూపించి, పైపు కుంగిపోయింది, లైన్ మొత్తం మార్చాలి, లేదా లోపల లైనింగ్ వేయాలి అంటున్నారు. వీడియోలో నీళ్ళు తప్ప మాకేమీ కనపడలేదు. మీటింగ్‌లో ఒకటే గొడవ. ఎలా నమ్మేది? (అసోసియేషన్ కార్యదర్శి)

జవాబు: మీ అనుమానం సబబే. నీళ్ళు కనపడినంత మాత్రాన పైపు కుంగినట్టు కాదు. పైపు నిజంగా దిగబడితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. పైపు సరిగ్గానే ఉండి, ముందు ఎక్కడో అడ్డుంటే దాని వెనక కూడా నీళ్ళు నిలుస్తాయి. వీడియోలో రెండూ ఒకేలా కనపడతాయి. తేడా తేలాలంటే ముందు వీధి వరకు లైన్ శుభ్రం చేయించాలి. తర్వాత ఒక ఫ్లాట్‌లో కుళాయి తిప్పి కాసేపు నీళ్ళు పారించి, కట్టేసి, కొంచెం ఆగి కెమెరా పంపాలి. అప్పటికీ అదే చోట నీళ్ళు నిలిచి ఉంటే అది కుంగుడే. కెమెరా నీళ్ళలో మునిగేచోట ఒక అంకె, మళ్ళీ బయటపడేచోట ఒక అంకె రాసుకుంటే ఎంత పొడవు దిగిందో తెలుస్తుంది. నీళ్ళు పైపులో పావు వంతు ఉన్నాయా, సగం ఉన్నాయా, పైపంతా నిండిందా అన్నది కూడా చూడండి. 40 మీటర్ల లైన్‌లో ఒక మీటరు మేర పావు వంతు నీళ్ళు నిలిస్తే ఆ లైన్‌ని మార్చమని నేను చెప్పను. ఏడాదికోసారి జెట్ కొట్టిస్తూ గమనిస్తే చాలు. పైపు నిండేంత కుంగితే మాత్రం ఆ ముక్క వరకు తవ్వి, కింద ఇసుక దట్టంగా పరిచి, వాలు సరిచేసి వేయాలి. నాలుగంగుళాల పైపుకు 40కి 1 వాలు అంటారు. అంటే 10 మీటర్లకు 25 సెంటీమీటర్ల దిగుడు.

కుంగిన చోటు ఎక్కడ ఉందో చూడండి. బిల్డింగ్ గోడ దాటిన మొదటి రెండు మూడు మీటర్లలో ఉంటే నాకు ఆశ్చర్యం లేదు. బిల్డింగ్ పునాది మీద నిలబడి ఉంటుంది, కట్టేటప్పుడు పునాది కోసం తవ్వి మళ్ళీ పూడ్చిన ఆ మట్టి మాత్రం ఏళ్ళ తరబడి దిగుతూనే ఉంటుంది. పైపు ఆ రెంటి మధ్యా నలిగిపోతుంది. మార్చాల్సి వస్తే ఏ పైపు వేస్తున్నారో కూడా అడగండి. గోడల మీద వేసే ఎస్‌డబ్ల్యూఆర్ పైపునే మట్టిలో పూడ్చేస్తుంటారు. నేలకింద వేసే డ్రైనేజీ పైపులకు ఐఎస్ 15328 అని వేరే ప్రమాణం ఉంది, ఆ నంబరు పైపు మీదే అచ్చేసి ఉంటుంది.

లైనింగ్ మంచి పద్ధతే. రెజిన్‌లో తడిపిన గుడ్డ గొట్టాన్ని పాత పైపులోకి పంపి, లోపలే గట్టిపడేలా చేస్తారు. ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు 1971లో లండన్‌లో మొదలుపెట్టిన పని అది. పగుళ్ళకు, వేళ్ళు దూరే అతుకులకు బాగా పనిచేస్తుంది. కానీ వంగిన పైపులో లైనింగ్ వేస్తే లైనింగ్ కూడా అదే వంపులో గట్టిపడుతుంది, నీళ్ళు అలాగే నిలుస్తాయి. కుంగుడుకు మందుగా లైనింగ్ అమ్మబోయారంటే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

ఇంకో మాట. రికార్డింగ్ నేలమీద మొదలవ్వాలి. మీ బిల్డింగ్, మీ ఛాంబర్ కనపడుతూ కెమెరా అందులోకి దిగాలి, మధ్యలో ఆపకూడదు. ఆ వీడియో మీ పైపుదే అనడానికి అంతకంటే రుజువు లేదు. తల ఎటు తిరిగినా బొమ్మ నిటారుగా ఉండే కెమెరా తెమ్మనండి. లేకపోతే పగులు పైన ఉందో కింద ఉందో తెలీదు. కింద పగిలితే మురుగు మట్టిలోకి ఇంకుతుంది, మీ బోరు నీళ్ళు పాడవుతాయి. మీది సముద్రం పక్క ఊరు. వానల్లో భూగర్భజలం పైకొచ్చి అతుకుల్లోంచి తేటనీళ్ళు లోపలికి కారుతుంటాయి. ఎండాకాలంలో తీసిన వీడియోలో ఆ కారడం కనపడదు. అందుకే ఇప్పుడు, నవంబరు, డిసెంబరుల్లో ఇంకోసారి తీయించండి.

ప్రశ్న: అన్నానగర్‌లో అద్దెకుంటున్నాం. నీళ్ళు బాగానే పోతున్నాయి, కానీ పొద్దున్నే బాత్‌రూమ్‌లో భరించలేని కంపు. ఓనర్ కెమెరా పెట్టించి, అంతా బాగానే ఉందన్నారు. కంపు మాత్రం పోలేదు. టెన్షన్‌గా ఉంది, చంటిపాప ఉంది. (ఒక పాఠకురాలు)

జవాబు: ఓనర్ అబద్ధం చెప్పి ఉండరు. కెమెరాకు వాసన తెలీదు, పైపు లోపలి గోడ వరకే దానికి తెలుస్తుంది. మీరు ముందుగా, వాడని నహానీ ట్రాప్‌లన్నిటిలో (బాత్‌రూమ్ నేలమీద నీళ్ళు పోయే జాలీల్లో) ఒక్కో చెంబు నీళ్ళు పోయండి. ట్రాప్‌లో నిలిచే ఆ కొద్దిపాటి నీళ్ళే మురుగు గాలిని ఆపుతాయి. గెస్ట్ బాత్‌రూమ్ మూసిపెడితే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. రెండు రోజుల్లో తేడా కనపడకపోతే డాబా మీద గాలి కోసం పెట్టిన వెంట్ పైపు చూడమనండి. మూత బిగించేసినా, పక్షి గూడు కట్టినా, ఫ్లష్ చేసినప్పుడు గాలి అందక పైపు ట్రాప్‌లోని నీళ్ళు పీల్చేసుకుంటుంది. ఫ్లష్ చేయగానే పక్క ట్రాప్ గుటగుటమంటే కారణం ఇదేనని దాదాపు ఖాయం.

అదీ కాకపోతే పొగ పరీక్ష అడగండి. ఛాంబర్ నుంచి లైన్‌లోకి హాని చేయని పొగ పంపుతారు. ఎక్కడ సందుంటే అక్కడ పొగ బయటికొస్తుంది, కమోడ్ కింద సీలు పోయిందా, టైల్స్ వెనక అతుకు ఊడిందా, అప్పుడు తెలుస్తుంది. ఆ పూట పాపను మీ అమ్మగారింటికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్. వాన గట్టిగా పడితే చాలు, బాత్‌రూమ్‌లోంచి మురుగు పైకి వస్తుంది. వాన తగ్గితే దానంతటదే దిగిపోతుంది. కెమెరా పెట్టించమంటారా? (ఒక పాఠకుడు)

జవాబు: ఇప్పుడే వద్దు, ఆ డబ్బు దాచుకోండి. మురుగు పైకొచ్చినప్పుడు మీ ఇంటి చివరి ఛాంబర్ మూత తీసి చూడండి. అది ఖాళీగా ఉండి బాత్‌రూమ్‌లో మాత్రం నీళ్ళు నిలిస్తే అడ్డు మీ పైపులోనే, అప్పుడు కెమెరా కావాలి. ఛాంబర్ కూడా నిండి ఉంటే చాలావరకు వీధి లైనే నిండిందని అర్థం. వీధి మ్యాన్‌హోల్ మీరు తెరవకండి, 1916కి ఫోన్ చేసి మెట్రో వాటర్‌కి (నగర నీటి, మురుగు బోర్డుకి) ఫిర్యాదు నంబరుతో సహా నమోదు చేయించండి.

చెన్నై బల్లపరుపు ఊరు. మురుగు తనంతట తాను కొంతదూరమే పారుతుంది, ఆపైన పంపింగ్ స్టేషన్లు ఎత్తి కొడుంగయ్యూర్, కోయంబేడు, నెసపాక్కం, పెరుంగుడి శుద్ధి కేంద్రాలకు పంపాలి. మురుగు లైన్‌ని మురుగు కోసమే లెక్కగట్టి వేస్తారు. వాననీటి కాలువ వేరు. కానీ ఎన్నో ఇళ్ళలో డాబా నీళ్ళ పైపును తెచ్చి మురుగు ఛాంబర్లో కలిపేశారు. ఒక్క గంట వానకు వీధిలో డాబాలన్నీ ఆ పైపులోకే వచ్చి పడితే లోతట్టున ఉన్న మీ బాత్‌రూమ్‌లోంచి బయటికి తన్నుతుంది. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి. ఆ నీళ్ళు వెళ్ళాల్సింది ఇంకుడు గుంతలోకి. ముందు మీ డాబా పైపు ఎక్కడికి వెళ్తోందో చూసుకోండి, తర్వాత పక్కింటివాళ్ళతో మాట్లాడండి. ఈలోగా మీ చివరి ఛాంబర్ దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్ళను బయటికే పోనిచ్చి, వెనక్కి రానివ్వనిది) పెట్టించండి. అది మూసుకున్నంతసేపూ మీ నీళ్ళు కూడా బయటికి పోవని గుర్తుంచుకుని, వాన ఉధృతంగా ఉన్నప్పుడు నీళ్ళు తక్కువ వాడండి.

ప్రశ్న: మా వీధికి ఇంకా మురుగు లైన్ రాలేదు, సెప్టిక్ ట్యాంకే. ఇంటి నుంచి ట్యాంకుకు వచ్చే పైపు పూడిపోయింది. కెమెరా ఖర్చు ఎందుకు, మనిషిని ట్యాంకులోకి దింపి ఆ చివర నుంచి తీయిస్తాను అంటున్నాడు మేస్త్రి. మీరేమంటారు? (ఒక పాఠకుడు, అంబత్తూర్)

జవాబు: దింపనివ్వకండి. ఎంత తక్కువకి ఒప్పుకున్నా, ఎంత అనుభవం ఉందన్నా, ఒక్క ఐదు నిమిషాలే అన్నా సరే.

ట్యాంకు అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. గాలికంటే బరువైనది, అందుకే మూత తీసినా పోదు. తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే పడిపోతాడు, అతన్ని లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. మన పేపర్లలో వచ్చే వార్తల్లో ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోవడం ఇందుకే.

మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని మురుగు లైన్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పని చెప్పిన ఇంటాయన కూడా ఇందులో బాధ్యుడే. ఇలా చనిపోయినవాళ్ళ కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా దీని మీదే పోరాడుతున్నారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చిందని మనం చప్పట్లు కొట్టాం. మన పెరట్లో ట్యాంకు మూత తీసినప్పుడు కూడా ఆయన మాట గుర్తుండాలి.

మీ పనికి మనిషి దిగాల్సిన అవసరమే లేదు. సక్షన్ లారీతో ట్యాంకు ఖాళీ చేయించండి. ఇంటివైపు ఛాంబర్ నుంచి కెమెరా పంపితే పూడిక ఎన్ని మీటర్ల దగ్గరుందో తెలుస్తుంది, జెట్ గొట్టం అటునుంచే వెళ్తుంది. మేస్త్రి ఒప్పుకోకపోతే మేస్త్రిని మార్చండి.

ప్రశ్న: కీల్పాక్‌లో పాత ఇల్లు కొనబోతున్నాం. లాయర్ పత్రాలు చూశారు. డ్రైనేజీ కూడా చూపించుకోవాలా? (దంపతులు)

జవాబు: అడ్వాన్స్ ఇచ్చేముందే చూపించుకోండి. ఇల్లు కొన్నాళ్ళుగా ఖాళీగా ఉంటే పైపు ఎండిపోయి శుభ్రంగా కనపడుతుంది. అందుకని కెమెరా పెట్టడానికి ముందు అన్ని కుళాయిలూ తిప్పి, అన్ని ఫ్లష్‌లూ వరసగా లాగించండి. చివరి ఛాంబర్ నుంచి వీధి వరకు ఉన్న ముక్కను వదిలేయనివ్వకండి. ఓనర్లు ఇంట్లో బాత్‌రూమ్‌లు కొత్తవి చేయించి, ఆ ముక్క పాతదే ఉంచేస్తారు. పైపు మధ్యలో మట్టి గొట్టం నుంచి పీవీసీకి మారేచోట కెమెరాను ఆపి చుట్టూ చూడమనండి. రెండు సైజులు సరిపోక సిమెంటు మెత్తి వదిలేసిన అతుకు అక్కడే దొరుకుతుంది. దొరికితే బేరం ఆడేటప్పుడు ఆ వీడియో ఓనర్‌కి చూపించి, బాగుచేసే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.